శనివారం పద్దు

శనివారం ఉదయం ఏడున్నర. కోడుమూరులోని ఆ ఇంటి అరుగు మీద అప్పటికే నలుగురు కూర్చున్నారు. ఇంకో గంటలో మిగతా ఎనిమిది మందీ వస్తారు. నేసిన చీరలు అప్పగించి, వారం మజూరీ తీసుకెళ్లే రోజది. లోపలి గదిలో ఆ ఇంటి అబ్బాయి కంప్యూటర్‌ ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. మీట నొక్కితే కంపెనీ బొమ్మ వస్తోంది. ఆ తర్వాత... తెర నల్లబడి అలాగే ఉండిపోతోంది!

ఎవరికి ఎంత పట్టు ఇచ్చారు, ఎంత జరీ ఇచ్చారు, ఎవరు పండక్కి అడ్వాన్సు తీసుకున్నారు, అందులో వారం వారం ఎంత మినహాయించారు... అన్నీ ఆ నల్లటి తెర వెనకే ఉన్నాయి.

ఆ ఇంట్లో తాత కాలం నుంచీ పద్దంటే ఎర్ర అట్ట పుస్తకమే. అబ్బాయి డిగ్రీ చదివొచ్చాక అది కంప్యూటర్లోకి మారింది. పాత మిషను కావడంతో నత్తనడక నడుస్తుంటే, 2022లో కర్నూలులో ఉండే స్నేహితుడొకడు అందులో ఉబుంటు వేసిచ్చాడు. పైసా ఖర్చు లేదు. ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్‌ టోర్వాల్డ్స్‌ అనే కుర్రాడు 1991లో మొదలుపెట్టిన లినక్స్‌కు, 2004లో వచ్చిన రూపమే ఈ ఉబుంటు. తెర మీద తెలుగు చక్కగా కనిపిస్తుంది, తెలుగులోనే టైపు చేసుకోవచ్చు. నేతగాళ్ల పేర్లన్నీ తెలుగులోనే ఎక్కించాడు. రెండేళ్లకు పైగా ఏ ఇబ్బందీ రాలేదు. దాంతో పుస్తకం అటకెక్కింది.

శుక్రవారం రాత్రి తెర మీద ఓ కబురు ప్రత్యక్షమైంది. కొత్త వెర్షన్‌ 24.04 వచ్చింది, మారతారా అని. మారితే పోలా అనుకున్నాడు. మధ్యలో అది అడిగిన ప్రశ్నలన్నిటికీ చదవకుండానే 'సరే' కొట్టాడు. ఒంటిగంటకు పని పూర్తయిందంటే ఆపేసి పడుకున్నాడు. తెల్లారేసరికి ఇదీ సంగతి.

''పుస్తకం ఇడిసిపెట్టొద్దు రా అని చెప్తి... ఇన్యావా?'' తండ్రి మాటలకు అబ్బాయి దగ్గర జవాబు లేదు. కానీ గుమ్మం దగ్గర నిలబడిన పెద్దాయన అడిగిన మాటే గుండెల్లో గుచ్చుకుంది.

''నా పద్దు పోయిందా ఏం నాయనా?''

ఆయన తీసుకున్న అడ్వాన్సులో ఇంకా రెండు వారాల బాకీయే మిగిలింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, అబ్బాయికీ తెలుసు. మరి మిగతా పదకొండు మంది లెక్కలు? ఒకరు వెయ్యి కట్టానంటారు, ఇంకొకరికి గుర్తుండదు. మూడు తరాల నమ్మకం ఒక్క పూటలో తగాదాగా మారిపోదూ!

ఆ కంగారులో అతను 2022 నాటి ఇన్‌స్టలేషన్‌ పెన్‌డ్రైవ్‌ వెతికి పట్టుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి వేసేద్దామని ఆలోచన. డిస్కు మొత్తం చెరిపి కొత్తగా వేయాలా అని తెర మీద ప్రశ్న కూడా వచ్చింది. మౌసు మీద వేలు పెట్టి, ఎందుకైనా మంచిదని స్నేహితుడికి ఫోన్‌ చేశాడు.

''రేయ్‌, చెయ్యి తియ్‌! అది నొక్కితే పద్దు నిజంగానే పోతుంది.''

అప్పుడు తెలిసింది అసలు విషయం. వెర్షన్‌ మారినప్పుడు మారేది కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ. మనం రాసుకున్న ఫైళ్లు మామూలుగా వేరే చోట వాటి మానాన అవి ఉంటాయి. తెర వెలగనంత మాత్రాన లెక్క చెరిగిపోయినట్టు కాదు. అదే పెన్‌డ్రైవ్‌తో, డిస్కులో ఏమీ మార్చకుండా ఉబుంటును తాత్కాలికంగా నడిపించుకోవచ్చు. స్నేహితుడు చెప్పినట్టే చేశాడు. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పద్దు అక్కడే ఉంది... గురువారం రాసిన చివరి వరుసతో సహా! ముందు దాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. అరుగు మీద మజూరీల పంపకం మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర.

అందరూ వెళ్లినా పెద్దాయన మాత్రం కదల్లేదు. ''ఇంతకీ ఏమైంది దానికి?'' అనడిగాడు. పాత గ్రాఫిక్స్‌ కార్డు డ్రైవర్‌కూ కొత్త కెర్నెల్‌కూ పొసగలేదని అబ్బాయి తనకు తోచినట్టు చెప్పాడు. పెద్దాయన నవ్వాడు.

''కొత్త అచ్చు అతికేటప్పుడు మాకూ ఇంతే గదా నాయనా! నాలుగు పోగులు అతక్కపోతే పడుగంతా కోసి పారేస్తామా? యాడ తెగిందో చూసుకోని ఆడ మెలేసుకుంటాం.''

మధ్యాహ్నం అదే పద్ధతిలో సాగింది. కంప్యూటర్‌ మొదలయ్యేటప్పుడు షిఫ్ట్‌ మీట నొక్కి పట్టుకుంటే ఓ జాబితా వచ్చింది (కొన్ని మిషన్లలో ఎస్కేప్‌ నొక్కాలి). అందులో పాత కెర్నెల్‌ ఇంకా ఉంది. దాన్ని ఎంచుకోగానే తెర వెలిగింది. పొసగని డ్రైవర్‌ను తీసేసి, లినక్స్‌తో పాటే వచ్చే నువో డ్రైవర్‌తో నడిపించాడు. ఈసారి కొత్త కెర్నెల్‌ కూడా మారాం చేయలేదు. ఇంతలో ఇంకో తెగిన పోగు... తెలుగు టైపు కావట్లేదు! సెట్టింగుల్లోకి వెళ్లి కీబోర్డు వరుసలో తెలుగును మళ్లీ చేర్చాడు. ఒకటి సరిచేయడం, ఆపి మళ్లీ వేసి చూడడం, ఆ తర్వాతే రెండోది. పొద్దుగూకే వేళకు అన్నీ దారికొచ్చాయి.

చివర్లో స్నేహితుడు చెప్పిన మాటకే అబ్బాయి తల పట్టుకున్నాడు. రెండేళ్లకోసారి వచ్చే ఇలాంటి వెర్షన్లకు అయిదేళ్లపాటు భద్రతా సవరణలు ఇస్తామని ముందే ప్రకటిస్తారు. 22.04కు ఆ గడువు 2027 దాకా ఉంది. అంటే శుక్రవారం రాత్రికి రాత్రి మార్చాల్సిన అవసరమే లేదు! మార్చాలనుకున్నా ముందు ఫైళ్లు కాపీ తీసుకుని, పెన్‌డ్రైవ్‌ పక్కన పెట్టుకుని, చేతిలో రెండు రోజుల తీరిక ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. మజూరీ ఇచ్చే ముందు రాత్రి అస్సలు కాదు.

మరుసటి శనివారం ఆ ఇంట్లో రెండు మార్పులు కనిపించాయి. తండ్రి అటక మీది ఎర్ర పుస్తకం దించి దుమ్ము దులిపాడు. లెక్కలన్నీ కంప్యూటర్లోనే. వారం చివర ఎవరి నిల్వ ఎంతో మాత్రం పుస్తకంలో ఒక్క వరుస రాస్తాడు. రెండో మార్పు అబ్బాయిది. బాకీ ఎంతో, కట్టింది ఎంతో ఓ చీటీ మీద రాసి ఎవరిది వాళ్ల చేతికిస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆ లెక్క నేతగాళ్ల చేతికి రావడం అదే మొదటిసారి.

పెద్దాయన తన చీటీని రెండుసార్లు చదివించుకున్నాడు. ఇక ఒక్క వారమే బాకీ. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మగ్గం పని ఉందంటూ లేచాడు.