కిరాయి కంటే ముందు అడగాల్సిన మాట

హైదరాబాద్‌లో బీటెక్ చదివినంత కాలం అమీర్‌పేట హాస్టళ్లలోనే ఉన్నాను. ఆధార్ కార్డు మీద మాత్రం జహీరాబాద్ చిరునామానే ఉండేది. దాన్ని మార్చుకోమని ఎవరూ అనలేదు, నాకూ అవసరం పడలేదు. అడ్వాన్స్ కట్టి పెట్టె దించుకుంటే చాలు, అది మన జాగ అయిపోయేది. మ్యూనిక్‌లోనూ అంతేననుకున్నాను.

2023 అక్టోబరులో మాస్టర్స్ కోసం అక్కడికి చేరాను. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,208 యూరోలు నాయిన చెరకు పైసలకు బ్యాంకు అప్పు కలిపి సర్దినవి. అందులోంచి నెలకు చేతికొచ్చేది 934 యూరోలు. మోజెస్ మెండెల్సన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే ప్రకారం ఆ సెమిస్టర్‌లో మ్యూనిక్‌లో ఇతరులతో పంచుకునే ఇంట్లో ఒక గది సగటు కిరాయి 720 యూరోలు. జర్మనీ మొత్తానికి సగటు 472. మొదటి నెలే గుండె జారింది.

చవకైన దారి ఒకటుంది. విద్యార్థి వసతి గృహాలు నడిపే స్టుడీరెండెన్‌వెర్క్‌లో పేరు పెట్టుకోవాలి. అడ్మిషన్ రాగానే ఆ పని చేయాల్సింది. నేను వీసా, టికెట్టు, పచ్చళ్ల మూటల హడావిడిలో పడి, విమానం దిగాక దరఖాస్తు చేశాను. వెయిటింగ్ లిస్టు సెమిస్టర్ల కొద్దీ సాగుతుంది. పైగా ఫ్రైమన్‌లోని స్టుడెంటెన్‌స్టాట్ అనే విద్యార్థి వసతి గృహాల సముదాయంలో 2021లో ఒక టవర్‌లో మంటలు లేచాక, మరికొన్ని భవనాలను కూడా మరమ్మతుల కోసం ఖాళీ చేయించారు. ఉన్న గదులకే కొరత వచ్చిన కాలంలో నేను ఆలస్యంగా లైన్లో నిలబడ్డాను.

అప్పుడు ఒక తెలుగు సీనియర్ ఫోన్ చేశాడు. "తమ్మీ, 450కే గది ఇస్తా. పేరు మాత్రం ఎక్కించుకోవద్దు. ఓనర్‌కు తెలిస్తే నాకు కష్టం" అన్నాడు. "సరే అన్నా" అన్నాను. ఏ పేరు, ఎక్కడ ఎక్కించుకోవాలి అని కూడా అడగలేదు. నా తప్పంతా ఆ సరే అన్నా అనడంలోనే ఉంది.

జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లో నగరపాలక కార్యాలయంలో నివాసం నమోదు చేసుకోవాలి. దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. 2015 నవంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం చూపించాలి. కిరాయి అగ్రిమెంటు దానికి బదులు కాదు. నమోదు చేసుకోకపోతే వెయ్యి యూరోల వరకు జరిమానా పడొచ్చు. అయితే నన్ను జరిమానా కంటే మిగతావే ఎక్కువ పిండాయి. పన్ను నంబరు నమోదైన చిరునామాకే పోస్టులో వస్తుంది. అది లేక పార్ట్‌టైమ్ కొలువు దొరికినా జీతంలో పన్ను ఎక్కువగా కోతపడింది. రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తుకూ ఆ నమోదు కాగితమే అడిగారు.

ఇంకో సంగతి. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లు చూసి ఉత్తరాలు వేయరు, పోస్టు డబ్బా మీద పేరు చూసి వేస్తారు. ఓనర్ కంట పడుతుందని ఆ అన్న నా పేరు డబ్బా మీద అంటించనివ్వలేదు. బ్యాంకు పంపిన పిన్ వెనక్కి పోయింది, ఇన్సూరెన్స్ ఉత్తరమూ వెనక్కి పోయింది. మనిషిని ఊళ్లోనే ఉన్నా, ఆ ఊరి లెక్కలో లేను.

ఇంతవరకూ నష్టం నాది. తర్వాత చేసింది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. పైసలు కలిసొస్తాయని, మా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఒక తమ్ముణ్ని అదే గదిలోకి పిలిచాను. పేరు ఎక్కదని ముందే చెప్పలేదు. సర్దుకుంటాడులే అనుకున్నాను. చలికాలం మధ్యలో ఓనర్‌కు తెలిసి, అందరం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ అబ్బాయి పెట్టె పట్టుకుని నా మొహం చూశాడు. నన్ను నమ్మి వచ్చినవాడికి నేను ఇచ్చింది అది.

ఆ వారంలో, డబ్బిస్తే అడ్రస్ కాగితం ఇస్తామన్నవాళ్లూ తగిలారు. అక్కడ ఉండని మనిషికి చిరునామా ఇచ్చేవారికి 50,000 యూరోల వరకు జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. ఉండకుండానే ఉన్నట్టు రాయించుకున్నవాడూ తప్పించుకోలేడు. ఆ దారి తొక్కలేదు. చివరికి లోకల్ రైలు మార్గం చివర, యూనివర్సిటీకి ముప్పావు గంట దూరంలో, ఇద్దరం చెరో గది పట్టాం. కిరాయి కాస్త ఎక్కువే. కానీ ఓనర్ మొదటి రోజే పత్రం మీద సంతకం చేసి, డబ్బా మీద మా పేర్లు అంటించింది.

ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. మాకు గది ఇచ్చింది ఆ అన్నే కాబట్టి ఆ పత్రం మీద అతనే సంతకం పెట్టొచ్చు. పెట్టడం అతని బాధ్యత కూడా. నిరాకరిస్తే ఆ మాట వెంటనే నమోదు కార్యాలయానికి చెప్పమని చట్టమే అంటుంది. నేను అడగనూ లేదు, చెప్పనూ లేదు.

జహీరాబాద్ నుంచి, సంగారెడ్డి నుంచి అడ్మిషన్ లెటర్లు అందుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ లెటర్ వచ్చిన రోజే వసతి గృహానికి పేరు పెట్టండి. గది చూపినవారిని కిరాయి కంటే ముందు ఆన్‌మెల్డుంగ్ గురించి అడగండి. కాదంటే ఎంత చవకైనా వదిలేయండి. తాళం చేతికి రాకముందు డిపాజిట్ పంపకండి. డిపాజిట్ మూడు నెలల కిరాయికి మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది.

అక్కడ ముందే స్థిరపడ్డ అన్నలకూ అక్కలకూ ఒక విన్నపం. న్యాయమైన కారణం చూపి, ఇంట్లో ఒక గది వేరేవారికి ఇవ్వడానికి అనుమతి అడిగే హక్కు కిరాయిదారుకు ఉంది. ఓనర్‌ను ఒక్కసారి అడగండి. అడిగాకే పిల్లలను పిలవండి.