భయం పోగొట్టే బడి

ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో ఒక చిత్రమైన బడి ఉన్నది. పూర్వం చక్రవర్తులు నివసించిన హోఫ్‌బుర్గ్ రాజభవనంలో అదొక భాగం. లోపల అడుగు పెట్టితే పెళ్ళివారి మంటపమేమో అనిపిస్తుంది. తెల్లని గోడలు, పైనుంచి వేలాడే పెద్ద పెద్ద దీపాల గుత్తులు, చుట్టూ 46 స్తంభాల మీద నిలిచిన మేడవసారాలు. హాలు పొడవు 55 మీటర్లు, వెడల్పు 18 మీటర్లు. కాని నేల మీద పాలరాయి లేదు, ఇసుక పరచి ఉంటుంది. ఎందుకంటారా? పిల్లలూ, ఈ బడిలో చదువుకునేవి గుర్రాలు!

దీని పేరు స్పానిష్ రైడింగ్ స్కూలు. ఆస్ట్రియాలో ఉన్న బడికి స్పెయిన్ పేరెందుకు వచ్చింది? ఇక్కడి గుర్రాల పూర్వీకులు స్పెయిన్ నుంచి వచ్చినవి గనుక. ఈ సవారీశాల 16వ శతాబ్దంలోనే ఉండేది. ఇప్పుడున్న హాలును ఆరవ చార్లెస్ చక్రవర్తి కట్టించాడు. పని 1729లో మొదలై 1735లో పూర్తయింది. ఆయన పటం గోడకు ఉన్నది. రౌతులు లోపలికి రాగానే టోపీ తీసి ఆ పటానికి వందనం చేస్తారు.

ఈ గుర్రాలను లిపిజానర్లు అంటారు. పుట్టినప్పుడు ఇవి నల్లగానో, గోధుమరంగుగానో ఉంటాయి. పెరిగినకొద్దీ రంగు మారి, పదేళ్ళు వచ్చేసరికి చాలా గుర్రాలు పాలనురుగులా తెల్లబడతాయి. అవి పుట్టేది వియన్నాలో కాదు, పీబర్ అనే పల్లెలో. వేసవిలో కొండల మీది పచ్చికబయళ్ళలో ఇష్టంవచ్చినట్టు పరుగెత్తుతూ పెరుగుతాయి. సుమారు నాలుగేళ్ళ వయసులో నగరానికి వస్తాయి. అక్కడ జీను కొత్త, కళ్ళెం కొత్త, మనుషులు కొత్త. గుర్రం బెదరటానికి ఇంతకన్న ఏం కావాలి?

అంత పెద్ద జంతువు గాలికి ఎగిరే కాగితం ముక్కను చూసి కూడా ఎందుకు బెదురుతుంది? గుర్రానికి కొమ్ములు లేవు, వాడి గోళ్ళు లేవు. పూర్వం మైదానాలలో తోడేళ్ళ గుంపు మీద పడితే దాని ప్రాణం కాపాడింది పరుగే. ముందు పరుగెత్తటం, తరవాత చూసుకోవటం దాని స్వభావం. కళ్ళు తలకు చెరొక పక్కన ఉండటం చేత దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కాని నుదుటికి సరిగ్గా ఎదుట కొంత మేర, తోక వెనక కొంత మేర కనిపించవు. వెనకనుంచి ఎవరైనా చప్పున చెయ్యి వేస్తే శత్రువనుకుని తన్నుతుంది. ఇది పొగరు కాదు, భయం.

మన ఊళ్ళలో జట్కాబండ్లు తిరిగిన రోజులలో గుర్రం కళ్ళ పక్కన గంతలు కట్టేవారు. మీ తాతగారిని అడిగితే చెబుతారు. పక్కన ఏమున్నదో కనిపించకపోతే బెదరదని ఆ ఏర్పాటు. బండిగుర్రానికి అది సరిపోయింది. సవారీగుర్రానికి మాత్రం గంతలు ఉండవు. అది అన్నీ చూడాలి, చూసి కూడా నిబ్బరంగా నడవాలి. అందుచేత దాని భయాన్ని నిజంగా పోగొట్టవలసిందే.

వియన్నా బడిలో ఈ పని ఎలా చేస్తారో చూడండి. గుర్రం రాగానే ఎవరూ దాని మీదికి ఎక్కరు. మెల్లగా మాట్లాడుతూ మచ్చిక చేస్తారు. తరవాత పొడుగాటి పగ్గం కట్టి, శిక్షకుడు మధ్యలో నిలబడి దాన్ని తన చుట్టూ తిప్పుతాడు. అలా అతని గొంతు దానికి అలవాటవుతుంది. ఆ పైన జీను, ఆ పైన మనిషి బరువు. మొదటి సంవత్సరమంతా ముఖ్యంగా తిన్నగా, తీరుగా నడవటమే పాఠం. ఒకటి బాగా వచ్చినాకనే రెండోది. ఏ కొంచెం సరిగా చేసినా వెంటనే మెడ నిమిరి చక్కెర బిళ్ళ పెడతారు. దానికోసం రౌతు కోటు వెనక అంచులో ఒక రహస్యపు జేబు ఉంటుంది! చేతిలో బర్చి చెట్టు కొమ్మ ఉంటుంది గాని, అది కొట్టటానికి కాదు, సైగ చెయ్యటానికి. చదువు పూర్తికావటానికి సుమారు ఆరేళ్ళు పడుతుంది.

ఇంకొక చిత్రం వినండి. కొత్తగా చేరిన రౌతుకు పాఠం చెప్పేది ముసలి గుర్రం! అనుభవమున్న గుర్రం మీద, పగ్గాలూ రికాబులూ పట్టుకోకుండా కూర్చోవటం అతను నేర్చుకోవాలి. తాను నిబ్బరంగా కూర్చోలేని మనిషి గుర్రానికి నిబ్బరం నేర్పలేడు గదా!

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. గ్రీసు దేశస్థుడైన జెనొఫోను 2300 ఏళ్ళకు పూర్వమే గుర్రపుస్వారీ మీద ఒక గ్రంథం రాశాడు. గుర్రం దేన్ని చూసి బెదిరితే దాన్ని మనం ముందు తాకి చూపాలనీ, తరవాత గుర్రాన్ని మెల్లగా దాని దగ్గరకు తీసుకుపోవాలనీ అందులో చెప్పాడు. కొట్టితే ఏమవుతుంది? ఆ నొప్పి కూడా ఆ వస్తువు వల్లనే కలిగిందని గుర్రం అనుకుంటుంది. ఒక భయం రెండవుతుంది.

ఈ చదువుకు 1945లో గొప్ప పరీక్ష వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం చివరి రోజులవి. వియన్నా మీద బాంబులు పడుతుంటే, బడి అధిపతి పొదాయ్‌స్కీ మగగుర్రాలను రైలులో సెయింట్ మార్టిన్ అనే ఊరికి చేర్చాడు. 1945 మే 7న అమెరికా సేనాని జనరల్ పాటన్ ఎదుట వాటి చేత విద్య ప్రదర్శింపజేశాడు. కొత్త చోటు, చుట్టూ సైనికులు. అయినా గుర్రాలు రౌతుల మాట విన్నాయి. బడిని కాపాడమని పొదాయ్‌స్కీ కోరగా పాటన్ ఒప్పుకున్నాడు. 1955లో బడి తిరిగి వియన్నా చేరింది. ఆనాడు గుర్రాలు అదిరి బెదిరి ఉంటే, ఆ విన్నపానికి అంత బలం ఉండేదా?

నల్లబల్ల దగ్గరకు రమ్మంటే కాళ్ళు వణికే పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ళకు లెక్క రాక కాదు, భయం చేత సుద్దముక్క పట్టుకోలేరు. తల్లిదండ్రులు ఈ గుర్రాల సంగతి కాస్త ఆలోచించాలని నా కోరిక.

పిల్లలూ, మీకు ఎప్పుడైనా గుర్రం కనిపిస్తే, యజమానిని అడగకుండా దగ్గరకు పోకండి. ఆయన సరేనంటే, వెనకనుంచి గాని సూటిగా ఎదురుగా గాని కాక, భుజం వైపునుంచి నెమ్మదిగా వెళ్ళండి. ముందు మీ గొంతు వినిపించండి. తరవాత మెడమీద చెయ్యి వెయ్యండి. అది చెవులు మీ వైపు తిప్పి నిలబడితే, మీ మాట వింటున్నదన్నమాట.