రెండో డ్రెయిన్

మా నాన్న ప్లంబర్. ఇక్కడ రాయడం సులువుగానే ఉంది గానీ, కాలేజీ ఫారంలో ఆయన వృత్తి దగ్గర నేను ‘బిజినెస్’ అని రాశాను.

మొన్న వేసవి సెలవుల్లో మొయినాబాద్ వైపు ఒకరింట్లో స్విమ్మింగ్ పూల్ పని ఒప్పుకుని నన్నూ తీసుకెళ్లాడు. 24 అడుగుల పొడవు, 12 వెడల్పు, 4 లోతు. దాదాపు 32,600 లీటర్ల నీళ్లు. పంపు ఆడుతుంటే ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగొచ్చే కన్నాల్లోంచి బుడగలు. బయట మాత్రం ఎక్కడా చుక్క కారట్లేదు.

“పంపుకు ముందున్నది పీల్చే పైపు బిడ్డా. అండ్ల సందుంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతది” అని జాయింట్లన్నిటికీ షేవింగ్ నురగ పూశాడు. ఒక ఎల్బో దగ్గర నురగ లోపలికి గుంజుకుపోయింది. నాలుగు సెమిస్టర్లలో ఇంత చవకైన డీబగ్గింగ్ నేను చూళ్లేదు.

కొత్త లైను ప్లాను నన్నే గీయమన్నాడు. లాప్‌టాప్‌లో గీశాను. ఒకటిన్నర అంగుళం పైపుకు బదులు రెండంగుళాలది పెట్టి, తొమ్మిది ఎల్బోలను నాలుగు చేశాను. నాన్న స్క్రీన్ మీద వేలు పెట్టి, “ఈ వాల్వు తిప్పనీకి చెయ్యి యాడికెళ్లి పోతది?” అన్నాడు. ఫిల్టరుకీ గోడకీ మధ్య నాలుగంగుళాల సందులో పెట్టాను దాన్ని! పంపుకు అటూ ఇటూ యూనియన్లు కూడా మర్చిపోయాను. అవి లేకపోతే పంపు విప్పాల్సిన ప్రతిసారీ పైపు కోయాలి.

అసలు గొడవ అడుగున ఉన్న డ్రెయిన్ గురించి. ఒక్కటే ఉంది. కనీసం మూడడుగుల దూరంలో రెండోది పెట్టి, రెంటినీ టీతో కలపాలన్నాడు నాన్న. అంటే పూల్ ఖాళీ చేసి టైల్స్ పగలగొట్టాలి. “ఇన్నేళ్లలో ఏం కాలేదు కదా” అన్నారు ఇంటాయన.

నాన్న వాదించలేదు. కొత్త లైను వేశాక ఆయన్ని పిలిచి, స్కిమ్మర్ వాల్వు మూసి, పంపు ఆన్ చేసి, తన చెయ్యి స్విచ్ మీదే ఉంచుకుని, కాళ్లు తుడుచుకునే రబ్బరు మ్యాట్‌ని డ్రెయిన్ మీద వేయమన్నాడు. మునిగి వేశాను. అతుక్కుపోయింది. “ఇగ తియ్యి” అన్నాడు. రెండు చేతులతో లాగినా రాలేదు. పైకొచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ మునిగాను. రాలేదు. పంపు ఆపాకే వదిలింది. ఎల్బోలు తగ్గించి, పైపు పెంచి, పంపు బాగా పీల్చేలా చేసింది నేనే. గట్టు మీద వాళ్ల మనవరాలి ఈత ట్యూబు ఉంది, బాతు బొమ్మది.

“సరే పెట్టండి. కానీ ఒప్పుకున్నదానికంటే ఎక్కువ ఇవ్వలేను” అన్నారు ఇంటాయన.

“సామాన్ పైసలియ్యుండ్రి. కూలి వద్దు.”

బండి మీద తిరిగొస్తూ నాన్నతో గొడవపడ్డాను. నాలుగు రోజుల కూలి అది. నా హాస్టల్ ఫీజుకి ఇంకో పది రోజులే గడువు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “గా లైను మనమేసిందే గదరా” అన్నాడు. నేను మళ్లీ మాట్లాడలేదు.

నీళ్లు నింపిన రోజు అదే మ్యాట్, అదే పంపు. స్కిమ్మర్ మళ్లీ మూశాం. ఒక డ్రెయిన్ మీద వేసి రెండు వేళ్లతో ఎత్తితే వచ్చేసింది. పైకి తేలేసరికి నాన్న గట్టు మీద వంగి, “వచ్చిందా?” అని అడుగుతున్నాడు. మ్యాట్ ఎత్తి చూపించాను.

కూలి మాత్రం నిజంగానే ఇవ్వలేదు.