చివరి బండి లెక్క

ప్రకృతి అందరిదీ అన్న మాట మన కవిత్వంలో తరచు వినిపిస్తుంది. తరగతిలో ఆ మాటను నేనూ చాలాసార్లు ఎటువంటి సందేహమూ లేకుండా చెప్పాను. 2024 డిసెంబరులో ఒక ఆదివారం, ఇంగ్లండులోని ఒక కొండకు వెళ్ళి రావటానికి రైళ్ళ వేళలు ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడుగాని, అందులో నిజం ఎంతో నాకు తెలిసిరాలేదు.

ఒక సదస్సు పనిమీద షెఫీల్డు వెళ్ళాను. నా పాత విద్యార్థి ఒకడు అక్కడ పైచదువు చదువుతూ, గోదాములో పని చేస్తున్నాడు. అతని గదిలోనే దిగాను. కారు అతనికీ లేదు, నాకూ లేదు. అతనికి తీరిక దొరికేది ఆదివారం ఒక్కరోజే. సోమవారం ఉదయం ఆరు గంటలకల్లా మళ్ళీ పనిలో ఉండాలి.

నేను చూడాలనుకున్న కొండ కిండర్ స్కౌట్. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు యువ కార్మికులు సుమారు నాలుగు వందలమంది హేఫీల్డు అనే ఊళ్ళో చేరి, నిషేధాన్ని ధిక్కరించి ఆ కొండ ఎక్కారు. అప్పట్లో అది భూస్వాముల వేటనేల. గ్రౌస్ అనే పక్షుల వేటకోసం కావలివాళ్ళను పెట్టి, సామాన్యుణ్ణి అక్కడ అడుగుపెట్టనిచ్చేవారు కారు. నాయకుడు బెన్నీ రాత్మన్ ఇరవై ఏళ్ళ కుర్రవాడు, పని పోయిన మెకానిక్కు, కమ్యూనిస్టు. రైలుస్టేషనులో పోలీసులు కాచుకొని ఉన్నందువల్ల అతను సైకిలుమీద వచ్చాడు. డెర్బీ న్యాయస్థానం ఐదుగురికి రెండు నెలలనుంచి ఆరు నెలలదాకా జైలుశిక్ష వేసింది. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1951లో ఈ ప్రాంతమే, అంటే పీక్ డిస్ట్రిక్టే, ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానమయింది. 2000లో వచ్చిన చట్టం కొండబీళ్ళలో స్వేచ్ఛగా నడిచే హక్కు ఇచ్చింది. కనుక కొండకు ఇప్పుడు అడ్డు లేదు. అక్కడికి చేరటం ఎలా అన్నదే ప్రశ్న.

కారున్నవాడు బయలుదేరే వేళతో ప్రయాణం మొదలుపెడతాడు. లేనివాడు తిరుగుబండితో మొదలుపెట్టాలి. ఈ సంగతి నా విద్యార్థి నాకు నేర్పాడు. ఆ నెలలో అక్కడ సూర్యుడు ఉదయించేసరికి ఎనిమిది దాటుతుంది. నాలుగు కొట్టకముందే అస్తమిస్తాడు. ఆదివారం బండ్లు ఆలస్యంగా మొదలవుతాయి. షెఫీల్డునుంచి ఈడేల్ స్టేషనుకు రైలులో అరగంట పైచిలుకు. అక్కడినుంచి కొండ భుజంమీదుగా హేఫీల్డుకు సుమారు ఎనిమిది మైళ్ళు, ఎక్కవలసిన ఎత్తు వెయ్యి అడుగులు. నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటి ఉంది: మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండువేల అడుగులకు మరొక గంట. ఆ ప్రకారం మూడు గంటల పది నిమిషాలు. చలికాలపు బురద, తిండి, విశ్రాంతి కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. పటం, రెండు టార్చిలైట్లు, ఫ్లాస్కులో టీ, పులిహోర సిద్ధం చేసుకున్నాం.

చిక్కంతా హేఫీల్డులో ఉంది. 1932లో కార్మికులు దిగిన ఆ ఊరికి ఇప్పుడు రైలు లేదు. 1963లో రైల్వేబోర్డు అధ్యక్షుడు బీచింగ్ ఇచ్చిన నివేదిక రెండువేలకు పైగా స్టేషన్లను మూసివేయమన్నది. కారణం, వాటివల్ల లాభం లేదు. అప్పటి రవాణామంత్రి మార్పుల్స్ రోడ్లు వేసే కంపెనీ ఒకదాని స్థాపకులలో ఒకడు. ఈడేల్ మీదుగా పోయే మార్గాన్ని కూడా ప్రయాణికులకు మూసివేయాలన్నారు గాని, అది ఎలాగో మిగిలింది. హేఫీల్డు స్టేషను 1970లో పోయింది. ఆ స్టేషను స్థలంలో ఇప్పుడు కార్లు నిలుపుకుంటారు. పట్టాలు పీకిన కట్ట న్యూ మిల్స్ దాకా కాలిబాటయింది. బస్సుల సంగతి చూస్తే, 1985 చట్టం మరుసటి సంవత్సరంనుంచి లండను వెలుపలి బస్సులను కంపెనీల ఇష్టానికి వదిలిపెట్టింది. లాభంలేని సాయంత్రపు, ఆదివారపు బస్సులకు స్థానిక సంస్థల సాయమే గతి. ఆ సంస్థలకు నిధులు తగ్గినప్పుడు మొదట ఆగిపోయేవి అవే. కాబట్టి హేఫీల్డులో బస్సు తప్పితే చీకట్లో ఆ కట్టమీదనే మరొక గంట నడిచి న్యూ మిల్స్‌లో రైలు పట్టుకోవాలని అనుకున్నాం.

తీరా స్టేషనుకు వెళితే, మా బండి రద్దయిందని పలకమీద కనిపించింది. ఒక గంట పోయింది. ఈడేల్‌లో దిగేసరికి పదకొండున్నర దాటింది. పొలాల మధ్యగా నడిచి, జేకబ్స్ లాడర్ అనే రాతిమెట్ల కిందకు చేరేటప్పటికి ఒంటిగంట. పైన మంచు కమ్ముకొని ఉంది. నాకు ముందుకే పోవాలని ఉంది. అతను గడియారం చూసి ఆగిపోయాడు.

"ఇక తిరుగుదాం మాస్టారూ."

"ఇంతదూరం వచ్చి తిరగటమా? టార్చిలైట్లు ఉన్నాయిగా."

"చీకటి పడితే మీకు చెప్పుకోటానికొక కథ దొరుకుతుంది. నేను రేపు ఆరింటికి అందకపోతే ఆ రోజు కూలి పోతుంది. మళ్ళీ పిలుస్తారో లేదో కూడా తెలీదు."

మారు మాట్లాడకుండా వెనుదిరిగాను. కాని మనసులో విసుక్కున్నాను. తిరిగివచ్చేటప్పుడు రోడ్డు పట్టాం. బార్బర్ బూత్ దగ్గర కార్లు వరసగా నిలిపి ఉన్నాయి. వాటి యజమానులు ఇంకా కొండమీదే ఉన్నారు. వాళ్ళ వెలుగు మా వెలుగుకంటె ఎక్కువ కాదు. అయినా ఆ రోజు వాళ్ళకు మాకంటె పొడుగ్గా ఉంది.

ఈడేల్ ప్లాట్‌ఫారంమీద బండికోసం నిలుచున్నప్పుడు నాకు మా కళాశాల గుర్తుకు వచ్చింది. మా దగ్గర చివరి గంట మధ్యలో పల్లెటూళ్ళ ఆడపిల్లలు కొందరు లేచి నిలబడతారు. వాళ్ళ ఊళ్ళకు సాయంత్రం ఒకటే బస్సు. అది తప్పితే చీకటి పడుతుంది. రెండుసార్లు చీకటి పడితే ఇంట్లో చదువు మానిపిస్తారు. సాహిత్యంమీద శ్రద్ధ లేదని వాళ్ళను నేను మందలించాను. హాజరు వేయని రోజులు కూడా ఉన్నాయి. ఇక్కడ ఒక్క పూట చివరిబండికి కట్టుబడి నడిస్తే నాకు విసుగు పుట్టింది. వాళ్ళు మూడేళ్ళు అలాగే చదువుతారు.

1932 నాటి యువకులు సాధించింది చిన్నదని నేను అనటం లేదు. వాళ్ళు జైలుకు వెళ్ళకపోతే ఆ మెట్లదాకా అయినా మేము వెళ్ళగలిగేవాళ్ళం కాము. కాని కంచె తీసివేయటంతో హక్కు పూర్తికాదు. కంచెదాకా చేర్చే బస్సు, చేరటానికొక సెలవురోజు, తిరిగి ఇల్లు చేర్చే చివరి బండి — ఇవి కూడా ఆ హక్కులో భాగాలే. వీటిని లాభనష్టాల లెక్కకు వదిలిపెడితే, చట్టం తెరిచిన తలుపును వేళల పట్టిక మూసివేస్తుంది. వేటనేలకు కావలివాడుండేవాడు, అతనితో కలియబడవచ్చు. రద్దయిన బండితో ఎవరు కలియబడతారు?

నేను హేఫీల్డు చూడలేదు. మరునాడు తెల్లవారకముందే అతను బూట్లు తొడుక్కొని పనికి వెళ్ళాడు. వాటికి కొండ బురద ఇంకా ఆరలేదు. నేను తిరిగివచ్చి మళ్ళీ పాఠం చెబుతున్నాను. ప్రకృతి అందరిదీ అన్న మాట దగ్గరకు వచ్చినప్పుడు, ఆదివారం చివరి బండి ఎన్నింటికని కూడా అడగమని పిల్లలకు చెబుతున్నాను. చివరి గంటలో లేచి నిలబడిన పిల్లకు ముందే హాజరు వేస్తున్నాను.