కంటికి హాయి, చేతికి ఆలస్యం

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగు మొదలుపెట్టేనాటికి ఆ 2.83 కిలోమీటర్ల ట్రాక్ డ్రైవర్లకు పూర్తిగా కొత్తదేం కాదు. మామూలు రోజుల్లో బస్సులు, ఆటోలు తిరిగే ఎన్టీఆర్ మార్గ్ మీద ముందే ప్రాక్టీస్ చేసే వీలెక్కడిది? వీధి సర్క్యూట్లన్నిటికీ ఇదే చిక్కు. అందుకే జట్లు ట్రాక్ నమూనాను సిమ్యులేటర్‌లోకి ఎక్కిస్తాయి. డ్రైవర్లు మలుపులను అక్కడే ఒంటబట్టించుకుని వస్తారు. ఫిబ్రవరి 11న జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రేసు తర్వాత, 2024లో జరగాల్సింది రద్దయింది. అది వేరే కథ.

ఆ జట్ల సిమ్యులేటర్లకు, ఇంట్లో టేబుల్‌కు స్టీరింగ్ బిగించుకుని అసెట్టో కోర్సా ఆడే కుర్రాడి కంప్యూటర్‌కు ఖర్చులో పోలికే లేదు. తంటా మాత్రం ఒకటే. బొమ్మ సాఫీగా కదలాలి. తిప్పిన వెంటనే కారు తిరగాలి. రెండూ ఒకేసారి కావాలంటేనే పేచీ.

చేయి స్టీరింగ్‌ను తిప్పిన క్షణానికి, తెరమీద కారు ముక్కు తిరిగిన క్షణానికి మధ్య చాలా మజిలీలున్నాయి. చక్రం నుంచి సంకేతం కంప్యూటర్‌కు చేరాలి. గేమ్ లెక్కలు కట్టాలి. గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయాలి. మానిటర్ దాన్ని చూపాలి. ఒక్కోచోట కొన్ని మిల్లీసెకన్లు కరిగిపోతాయి. ఇంటర్నెట్ నెమ్మదించడం వల్ల వచ్చే ఆలస్యం వేరు, ఇది వేరు. బస్తర్ అడవుల్లోని చింతలనార్‌లో ఇంటర్నెట్ ఊసే లేకుండా ఒంటరిగా ఆడినా ఇది ఉంటుంది, హైదరాబాద్‌లో ఫైబర్ లైన్ పెట్టుకున్నా ఉంటుంది.

మిల్లీసెకన్లే కదా అనిపించొచ్చు. కానీ 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 83 మీటర్లు దాటుతుంది. 50 మిల్లీసెకన్లంటే నాలుగు మీటర్ల పైమాటే, దాదాపు ఒక కారు పొడవు. బ్రేక్ ఎక్కడ తొక్కాలో మీటర్లలో లెక్కేసుకునే ఆటలో అది చిన్న తేడా కాదు.

ఇక సాఫీతనం సంగతి. 60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీసెకన్లకోసారి బొమ్మ మారుస్తుంది. 144 హెర్ట్జ్‌దైతే ఏడు మిల్లీసెకన్లకోసారి. గ్రాఫిక్స్ కార్డు ఈ తాళానికి తగ్గట్టు గీయకపోతే పాత బొమ్మ సగం, కొత్త బొమ్మ సగం కలిసి తెరమీదికొస్తాయి. మలుపు తిరిగేటప్పుడు పక్కనున్న స్తంభం నడిమికి తెగినట్టు కనిపిస్తుంది. దీనికి పాతకాలపు మందు వీ-సింక్. మానిటర్ సిద్ధమయ్యేదాకా గీసిన బొమ్మను ఆపి ఉంచుతుందది. చిరుగు పోతుంది. కానీ బొమ్మలు వరుసలో నిలబడతాయి, ఆటగాడు చూసేది ఎప్పుడూ కాస్త వెనకటి సంగతే.

నేరుగా పోయే రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. తెలిసేది వెనక చక్రాలు జారినప్పుడే. కారు అడ్డం తిరగబోతుంటే చక్రాన్ని ఎదురు తిప్పాలి. ఆ తిప్పిన ఫలితం ఆలస్యంగా కనిపిస్తే చేయి ఇంకాస్త తిప్పుతుంది. అది ఎక్కువై కారు రెండో వైపుకు ఊగుతుంది. విమానాలు నడిపేవారికీ ఇది తెలిసిన ప్రమాదమే. పైలట్ల శిక్షణ సిమ్యులేటర్లలో ఈ ఆలస్యం ఎంత మించకూడదో నిబంధనలే ఉన్నాయి.

సిమ్ రేసింగ్‌లో మరో విచిత్రం కూడా ఉంది. చక్రం ద్వారా చేతికందే బరువు, అదురు బొమ్మ కోసం ఆగాల్సిన పని లేదు. అసెట్టో కోర్సా కారు కదలికలను సెకనుకు 333 సార్లు లెక్కిస్తుంది, ఆర్‌ఫ్యాక్టర్ 2 అయితే 400 సార్లు. టైరు పట్టు జారిన సంగతి చేతికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత చేరుతుంది. మంచి ఆటగాడు చేతినే నమ్ముతాడు. ఆలస్యం కొద్దిపాటిదై, ఎప్పుడూ ఒకేలా ఉంటే మెదడు సర్దుకుపోతుంది కూడా. మాటిమాటికీ మారే ఆలస్యానికి మాత్రం ఎవరూ అలవాటు పడలేరు. ఒంటరిగా ల్యాపులు తిరిగేటప్పుడు చక్కగా ఉన్న కంప్యూటర్ ఇరవై కార్లు మొదటి మలుపులోకి దూరేసరికి చతికిలబడుతుంది. సరిగ్గా అవసరమైన చోటే!

కొంతవరకు విరుగుడు దొరికింది. 2013లో ఎన్విడియా ప్రకటించిన జీ-సింక్, ఆ తర్వాత ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్ బొమ్మను ఆపకుండా మానిటర్‌నే బొమ్మకోసం ఆగేలా చేశాయి. దానికి తోడు 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవారు గేమ్‌ను సెకనుకు 141 ఫ్రేముల దగ్గర కట్టడి చేయడం అనుభవజ్ఞుల చిట్కా. బొమ్మలు వరుసలో పేరుకోవు. నీడలు, అద్దాల్లోని ప్రతిబింబాల నాణ్యత తగ్గించుకుంటే ఇంకా మేలు. అద్దమంటే గ్రాఫిక్స్ కార్డుకు మరో తెర గీసినంత పని.

2022లో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ 3 మాత్రం రేసర్లకు అంతగా అచ్చొచ్చే సరుకు కాదు. రెండు అసలు బొమ్మల మధ్య ఒక ఊహాచిత్రాన్ని ఇరికిస్తుందది. రెండోది తయారయ్యేదాకా ఆగితే తప్ప నడిమిది గీయలేదు. ఫ్రేముల లెక్క చూస్తే బ్రహ్మాండం, చేతికి దక్కేది మాత్రం అదనపు జాప్యం.

ఇదంతా ఆటే కదా అని తోసిపుచ్చేవారికి జాన్ మార్డెన్‌బరో ఉదంతం ఉంది. 2011లో గ్రాన్ టురిస్మో ఆడి జీటీ అకాడమీ పోటీ గెలిచిన ఈ బ్రిటిష్ కుర్రాడు రెండేళ్లకే లమాన్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానం కొట్టాడు. కార్టింగ్ ఖర్చు భరించలేని ఇళ్లలోని పిల్లలకు స్టీరింగ్ బిగించిన ఆ టేబులే శిక్షణ కేంద్రం. ఆలస్యంగా స్పందించే తెర ముందు నేర్చుకున్న చేతివాటం అసలు కారులో అక్కరకు రాదు సరికదా, అడ్డం కూడా పడుతుంది.

కొనేటప్పుడేమో అట్టపెట్టె మీద '1 మిల్లీసెకన్' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆలస్యం ఇంతేనని చాలామంది మురిసిపోతారు. నిజానికి అది తెరమీది చుక్క రంగు మార్చుకోవడానికి పట్టే సమయం. చక్రం తిప్పినప్పటి నుంచి కారు తిరిగేదాకా ఎంతన్నది ఏ పెట్టె మీదా రాసి ఉండదు. దుకాణదారును అడిగినా మళ్లీ ఆ ఒకటినే చూపిస్తాడు.