మఫ్లరూ లడ్డూలూ

బీబీసీ వాళ్ల 'డాక్టర్ హూ' సీరియల్లోకి నాలుగో డాక్టరుగా టామ్ బేకర్ వచ్చింది 1974లో. అతనికో మఫ్లర్ అల్లిపెట్టమని దుస్తుల రూపకర్త జేమ్స్ ఆచిసన్, బెగోనియా పోప్ అనే ఆవిడకి రంగురంగుల ఊలుండలు బోలెడన్ని ఇచ్చాడట. ఆవిడ ఇచ్చిన ఊలంతా అల్లేసింది. మెడకి చుట్టుకోగా మిగిలింది నేల మీద జీరాడింది. బేకర్‌కి అదే నచ్చింది. అతను ఆ వేషంలో ఉన్నన్నాళ్లూ, 1981 దాకా, మఫ్లర్లు మారినా ఆ పొడవే పాత్రకి ఆనవాలు.

ఈ కథ నాకు తెలియడానికి కారణం ఒక పంపకం. అమెరికాలో మేమున్న ఊళ్లో బొంతలు కుట్టే ఆడవాళ్ల బృందం ఒకటుంది. అందులో ఎవరికి ఏ సినిమా, ఏ సీరియల్, ఏ పుస్తకం మీద పిచ్చో కాగితం మీద రాసిస్తాం. చీటీల్లో ఎవరి పేరొస్తే వాళ్లకి, వాళ్ల పిచ్చికి తగ్గట్టు, గుట్టుగా ఒక బుల్లి బొంత కుట్టాలి. గోడకి తగిలించుకునేంతే, ఏ వైపూ రెండడుగులు దాటకూడదు. నేనెవరికి కుడతానో వాళ్లు నాకు కుట్టరు. పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం దగ్గర కూర్చుని, వాళ్లు మనకెంత రాశారో చూసి అంతే రాసే ఇంట్లోంచి వచ్చినదాన్ని. ఈ పద్ధతి మొదట్లో వింతగా ఉన్నా, అప్పూ బాకీ లేని ఆ సుఖం వేరు.

నా చీటీలో వచ్చినావిడ రాసింది ఒక్కటే: నాలుగో డాక్టర్. నాకా సీరియల్ బొత్తిగా తెలియదు. ఆ బొమ్మలు అచ్చేసిన గుడ్డ కొట్లో దొరుకుతుంది. ఓ ముక్క కోసి చుట్టూ అంచు కుట్టేస్తే పూటలో పనైపోతుంది, ఇచ్చినట్టూ ఉంటుంది. కానీ అచ్చు బొమ్మని ఎవరైనా గుర్తుపడతారు. వీరాభిమానికి తను మాత్రమే పట్టుకోగల సంగతి ఒక్కటైనా ఉండాలి కదా. ఆ వెతుకులాటలోనే మఫ్లర్ దొరికింది. ఏ రంగు తర్వాత ఏ రంగు, ఒక్కో చారకి ఎన్ని వరసలు అన్నది అభిమానులు లెక్కగట్టి రాసిపెట్టుకున్నారు! నవ్వకండి, ఫలానా పాటలో హీరో చొక్కా ఎన్నిసార్లు మారిందో చెప్పేవాళ్లు మనకి ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఊదా, ఆవపిండి, తుప్పు, బూడిద, ఒంటె రంగు... అభిమానులు రాసిపెట్టిన వరస తప్పకుండా, సన్న చార సన్నగానూ వెడల్పుది వెడల్పుగానూ రావాలి. అర అంగుళం చార కావాలంటే అంగుళం గుడ్డ కొయ్యాలి, రెండు పక్కలా పావంగుళం చొప్పున కుట్టులోకే పోతుంది. ఒక్కో కుట్టుకీ నూలుపోగంత తేడా వచ్చినా ఇన్ని చారలు కలిసేసరికి మఫ్లర్ మొత్తం ఓ పక్కకి వంగిపోతుంది. అందుకని చార కుట్టగానే ఇస్త్రీ, ఇస్త్రీ కాగానే కొలత.

టార్డిస్ పని ఇంకో రకం. డాక్టరు కాలంలో తిరిగే వాహనమది. బయటికి లండన్ వీధుల్లో ఒకప్పుడుండే నీలం పోలీసు పెట్టె, లోపలికెళితే ఊరంత. దాని కిటికీ చట్రాలకి కాగితం మీద గీతలు గీసి, ఒకవైపు గుడ్డ పెట్టి, రెండోవైపు గీత మీదుగా మిషను నడపాలి. కుట్టు బాగా చిన్నది పెట్టుకుంటే చివర్న కాగితం పోస్టాఫీసు స్టాంపుల్లా తేలిగ్గా చిరిగొస్తుంది. పెట్టెని అరచేయంతే చేసి కింది మూలన పెట్టాను. తలుపు సందులోంచి మఫ్లర్ బయటికొచ్చి బొంతంతా మెలికలు తిరిగింది. వెనక్కి తిప్పితే, అస్తరు మొత్తం నక్షత్రాల గుడ్డ. లోపల ఊరంత కదా!

అమ్మ ఇదంతా వీడియోకాల్లో చూసింది. "నిక్షేపంలాంటి కొత్త గుడ్డని ముక్కలు చేసి మళ్లీ అతుకులేమిటే? చీరలు చిరిగితే బొంత కుడతారు గానీ, బొంత కోసం గుడ్డ చింపుతారా?" అంది. నిజమే. మెత్తబడ్డ నేతచీరలు నాలుగు మడతలేసి కుట్టిన బొంతలో పడుకున్నవాళ్లెవరూ ఆ మాట కాదనలేరు. గజాల లెక్కన నూలుగుడ్డ కొని, మధ్యన పెట్టే దూది పరుపుకి వేరే డబ్బు పోసే ఈ సరదా దండగమారిదే. ఒప్పుకుంటూనే అంచు కుట్టాను, వెనక పై మూలల్లో సన్న కర్ర పట్టేలా రెండు త్రికోణం జేబులు కూడా.

పంచుకున్న రోజున ఆవిడ నా బొంతని తాపీగా చారల మీద వేలు పెట్టుకుంటూ చూసింది. పెదవులు కదులుతున్నాయి, వరస సరిచూసుకుంటోందన్నమాట. సగం దూరం వెళ్లాక తలెత్తి, "మొదటి మఫ్లరే!" అంది.

ఇక నాకొచ్చింది. నా కాగితంలో 'మాయాబజార్' అని రాశాను, ఎవరూ తాకరులే అనుకుంటూ. నా పేరొచ్చినావిడకి తెలుగు ముక్క రాదు. ఆ 1957 నాటి సినిమాని ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూసిందట. ఎస్.వి. రంగారావుగారి మొహం జోలికి పోలేదు, తెలివైన మనిషి. ఒక కోరమీసం, దానివైపు పళ్లెంలోంచి లేచి వస్తున్న లడ్డూలు. గుండ్రటి గుడ్డముక్కల చుట్టూ దారం లాగి ముడిచిన ఆ లడ్డూలన్నీ బూడిద రంగువే. సినిమా నలుపు తెలుపుది కదా, పసుపు పెడితే నేనొప్పుకోనేమో అనిపించిందట.

"లడ్డూలకి బూజు పట్టిందేమిటే?" అంది అమ్మ. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసిన మాయాబజార్ చూసొచ్చిన దగ్గర్నుంచీ ఈ విషయంలో మా ఇద్దరికీ పడదు.