పిల్లల ఫోన్‌లో ఒక పౌరశాస్త్రం పాఠం

మేడ్చల్, షామీర్‌పేట వైపు ఏ ఇంట్లో చూసినా పిల్లలతో పెద్దలది ఒకటే మాట: "ఆ గేములు బంద్ చేసి చదువుకో." కానీ కొన్ని గేముల్లో పాఠ్యపుస్తకం చెప్పని చదువు ఉందని నా గట్టి నమ్మకం.

'పేపర్స్, ప్లీజ్' తీసుకోండి. లూకస్ పోప్ 2013లో విడుదల చేసిన గేమ్ ఇది. 2022లో ఫోన్లకూ వచ్చింది. కాలం 1982, అర్‌స్టోట్జ్‌కా అనే ఊహా దేశం. సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే చిరుద్యోగి పాత్ర మనది. ఎంతమందిని చూస్తే అంత జీతం. అద్దె, తిండి, చలికాచుకునే ఖర్చు అన్నీ అందులోంచే. రూల్స్ రోజురోజుకూ పెరుగుతుంటాయి. ఒక భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. వెనకే వచ్చిన భార్య దగ్గర ప్రవేశ పర్మిట్ ఉండదు. ఆమెను లోపలికి పంపిస్తే మనకు తాఖీదు, తాఖీదులు పెరిగితే జీతంలో కోత. ఆపితే ఆ ఇద్దరూ విడిపోతారు.

మంచివాడి చేతే చెడ్డ పని చేయించే వ్యవస్థ మీద ఇంత పదునైన వ్యంగ్యం ఈమధ్య నేను చూడలేదు.

షామీర్‌పేట కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఫైలు పట్టుకుని వచ్చే రైతులను చూస్తే ఈ గేమ్ గుర్తొస్తుంది. కౌంటర్‌కు ఇటువైపు బాధ మనకు తెలుసు. అటువైపు మనిషిని ఏది కట్టేస్తుందో ఈ గేమ్ చూపించింది.

ఇక్కడే నల్సార్ లా యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలు, రేపు ఆఫీసర్లు కావాలనుకునేవాళ్లు దీన్ని ఒక్కసారైనా ఆడాలి. తల్లిదండ్రులకు ఒక మనవి: ఫోన్ లాక్కునే ముందు పక్కన కూర్చుని, "నువ్వైతే ఆమెను లోపలికి పంపుతావా?" అని అడగండి.